కొలిచి చేసిన గాయం

“నా సేత్తోనే పోశానండి,” అంది నూకరత్నం. “పొద్దున్నా రాత్రీ మూతతో కొలిసి, ఒక్క సుక్క కింద పడకుండా పోశాను. తాగనని మారాం చేస్తే ముక్కు మూసి మరీ పట్టించాను.”

డాక్టర్ సుభాషిణికి ఆ మాట కొత్త కాదు. ఈ గదిలో తన ఎదుట కూర్చున్న తల్లులందరూ ఏదో ఒక రూపంలో అదే చెప్పారు. మందులు పడక కాలేయం దెబ్బతిన్న పిల్లల కోసమే పెట్టిన పరిశోధన కేంద్రం అది. కాకినాడలో, సముద్రపు గాలి తగిలే చోట, రెండంతస్తుల భవనం. అక్కడికి వచ్చిన పిల్లల్లో ఎవరికీ తల్లి విషం పెట్టలేదు. డాక్టరు రాసిన మందే, చెప్పిన మోతాదులోనే పట్టింది. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఏ తల్లికీ అది ఓదార్పు కాలేదు.

నూకరత్నం కూతురు లోవకుమారికి ఆరేళ్ళు. నిరుడు బడిలో ప్రార్థన జరుగుతుండగా మూర్ఛ వచ్చి పడిపోయింది. తర్వాత అది తరచూ రాసాగింది. డాక్టరు ఇచ్చిన సిరప్ మొదలుపెట్టాక మూర్ఛలు ఆగాయి. తండ్రి వీర్రాజు తాళ్ళరేవులో పడవలు కట్టే చోట వడ్రంగి. పిల్ల గండం గడిచిందని అతను తన పనిలో పడ్డాడు. నూకరత్నం కూడా మానేసిన రొయ్యల షెడ్డు పనికి మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టింది. అంతలో పిల్ల అన్నం మానేసింది. వాంతులు పట్టుకున్నాయి. కళ్ళు పచ్చబడ్డాయి. ఆ తర్వాత నిద్ర, ఎంత లేపినా పూర్తిగా లేవని నిద్ర.

“మందు చెడ్డది కాదమ్మా. వేలమంది పిల్లలకి పడుతుంది, ఎక్కడో ఒకరికి పడదు. ఎవరికి పడదో ముందుగా తెలుసుకునే దారి మాకింకా దొరకలేదు,” అంది సుభాషిణి.

నూకరత్నం తలూపింది గానీ ఆ మాట ఆమె లోపలికి వెళ్ళినట్టు కనిపించలేదు.

సుభాషిణి భార్యాభర్తలిద్దరినీ అద్దాల గదికి తీసుకెళ్ళింది. అందులో పక్కపక్కనే రెండు మంచాలు, వాటి మధ్య బీరువా అంత యంత్రం ఉన్నాయి. కేంద్రంలో అందరూ దాన్ని వంతెన అనేవారు. దాన్ని తయారుచేసిన ఇంజినీరు కోదండపాణి ఒక గొట్టం విప్పి కడుగుతున్నాడు.

పెద్దవాళ్ళ కాలేయానికి దెబ్బ తగిలితే అది మళ్ళీ పెరుగుతుంది. అలా పెరిగేటప్పుడు ఒంట్లో ఒక సంకేతం పుట్టి, రక్తంలో తిరుగుతూ, పెరగమని కాలేయాన్ని తట్టి లేపుతుంది. పూర్తిగా చితికిపోయిన పసి కాలేయానికి ఆ సంకేతాన్ని పుట్టించుకునే శక్తి కూడా మిగలదు. సుభాషిణి తన వయసులో మంచి కాలమంతా పెట్టి తెలుసుకున్నది, ఆ సంకేతాన్ని ఒకరి నుంచి ఒకరికి అందించవచ్చని. దానికి ఇచ్చేవాళ్ళు రక్తసంబంధీకులై ఉండాలి. పైగా ఇద్దరి కాలేయాలకీ తగిలిన దెబ్బ ఒకే మందు వల్ల తగిలినదై ఉండాలి, లేకపోతే పిల్లల ఒళ్ళు ఆ సంకేతాన్ని గుర్తుపట్టదు. ఒక బిడ్డకి ఒక్కరే ఇవ్వగలరు. ఇద్దరివి కలిపితే ఒళ్ళు రెంటినీ తోసిపుచ్చుతుంది.

“అయితే అదే మందు నాకూ పోత్తారా?” అంది నూకరత్నం.

“నరంలోకి ఎక్కిస్తాం. కొలిచి, నీ కాలేయం తట్టుకునేంతే. నీది దెబ్బతిని, మళ్ళీ పెరగడం మొదలుపెట్టగానే నీ రక్తంలోంచి పాపకి పంపిస్తాం. ఇప్పటిదాకా ఇచ్చినవాళ్ళందరూ కోలుకున్నారు. పిల్లల్లో ఒక్కరు తప్ప అందరూ బతికారు. కానీ ఇది ఇంకా పరీక్షలో ఉన్న వైద్యం. నీకు ఏమైనా జరగొచ్చు.”

నూకరత్నం మొహం తేటపడింది. కూతురు మంచం పట్టాక ఆమెకి కాస్త ఊరట దొరికిన క్షణం అదేనేమో. సుభాషిణికి అది చూసి మనసు చివుక్కుమంది. శిక్ష కోసం ఎదురుచూస్తున్న మనిషి ఇచ్చే ఒప్పుదల ఎంతవరకు ఒప్పుదల అవుతుందో ఆమెకి తెలియలేదు. అయినా పడుకున్న పిల్ల గుర్తొచ్చి ఆ ప్రశ్నను పక్కన పెట్టింది. వేరొకరి కాలేయం తెచ్చి పెట్టే ఆపరేషన్‌ను తట్టుకునే స్థితి లోవకి ఎప్పుడో దాటిపోయింది.

వీర్రాజు తనకి చేయమన్నాడు. “ఆడమడిసికెందుకండీ, నాకు ఎక్కించండి. నేను గట్టోణ్ణి,” అన్నాడు. పరీక్షల్లో అతని కాలేయం పనికిరాదని తేలింది. పని దిగాక రోజూ వేసుకునే చుక్క లోపల తన పని చేసుకుంటూ పోయింది. ఆ సంగతి సుభాషిణి మెల్లగా చెప్పినప్పుడు అతను గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. నూకరత్నం అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. పిల్లకి దుప్పటి కప్పడానికి వెళ్ళిపోయింది.

అప్పటిదాకా వంతెన మీద పడుకున్నవాళ్ళందరూ తల్లులే. ఎవరూ అలా ఉండాలని నియమం పెట్టలేదు. ఒక తండ్రికి తాగుడు, ఒకతనికి మధుమేహం, ఒకతను ఊళ్ళో లేడు. అలా కలిసొచ్చిందని సుభాషిణి అనుకునేది.

ఆ సాయంత్రం ఇంట్లో బెండకాయలు తరుగుతూ ఆమె ఈ సంగతి కూతురు విశాలకి చెప్పింది. విశాల పదో తరగతి. తల్లి పని గురించి వింటుంది గానీ పెద్దగా అడగదు. ఆ రోజు మాత్రం పుస్తకం మూసి, “నాకే అయితే నువ్వు ఎక్కించుకుంటావా?” అంది.

“ఎక్కించుకుంటాను.”

“ఆలోచించనే లేదు నువ్వు.”

సుభాషిణి కత్తి ఆగింది. నిజమే, ఆలోచించలేదు. ఊపిరి పీల్చినట్టు వచ్చేసింది ఆ జవాబు. తల్లులకి ఆలోచించుకోమని గడువిచ్చి, ప్రమాదాలన్నీ విడమరిచి చెప్పి, సంతకం తీసుకుంటున్నామని తను గొప్పగా సభల్లో చెప్పుకునేది. వాళ్ళెవరూ తను చెప్పింది వినే ఉండరని ఆమెకి ఇప్పుడు అనిపించింది. విశాల మళ్ళీ పుస్తకం తెరిచింది. సుభాషిణి కూర పొయ్యి మీద పెట్టింది.

నూకరత్నానికి మందు ఎక్కించారు. అనుకున్నట్టే ఒళ్ళు బరువెక్కింది, తిన్నది నిలవలేదు, కళ్ళలో పసుపు కనిపించింది. కానీ సంకేతం సరిగ్గా పుట్టలేదు. రొయ్యల షెడ్డులో మంచు నీళ్ళల్లో చేతులు పెట్టి పెరిగిన ఆ మనిషి కాలేయం మొండిది. వేసిన దెబ్బని సగంలోనే సర్దుకుంది. వంతెన మీదుగా లోవకి చేరుతున్నది ఏ మూలకీ చాలలేదు. పిల్ల ఊపిరి మారుతోంది.

“ఇంకొంచెం ఇవ్వండి మేడమ్ గారూ,” అంది నూకరత్నం పక్క మంచం మీంచి.

రెండోసారి ఇవ్వకూడదని నియమమేమీ లేదు. ప్రధాన వైద్యురాలు అవసరమనుకుంటే ఇవ్వవచ్చని సుభాషిణే పెట్టుకుంది. ఇంతకు ముందు అవసరం పడలేదు. ఆమె పిల్ల వైపు చూసింది, తల్లి వైపు చూసింది. ఇవ్వమని నర్సుకి చెప్పింది.

ఈసారి సంకేతం పొంగుకొచ్చింది. కోదండపాణి తెర మీద గీత ఎత్తుగా లేచి నిలబడింది. మర్నాడు మధ్యాహ్నానికి లోవ కళ్ళు తెరిచింది. కాసేపు పైకప్పు కేసి చూసి, తల తిప్పి తల్లిని చూసింది.

“అమ్మా, ఆకలేత్తంది.”

నూకరత్నం నవ్వింది. చెయ్యి చాపబోయింది గానీ గొట్టాలు అడ్డొచ్చాయి. నర్సులు కళ్ళు తుడుచుకున్నారు. వీర్రాజు వరండాలోకి పోయి స్తంభం పట్టుకుని ఏడ్చాడు. సుభాషిణి కూడా ఆ పూట కడుపునిండా అన్నం తింది.

కోదండపాణి ఆమెను పిలిచింది ఆ తర్వాతే.

“మేడమ్, తల్లి లెక్కలు చూడండి. సంకేతం ఇంత పుడుతోంది కదా, ఆమె కాలేయం పెరగడం లేదు.”

ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. కోదండపాణే ముందు నోరు విప్పాడు. “ఆవిడ పుట్టించుకున్నదంతా వంతెన లాగేస్తోంది. ఆవిడకి మిగలట్లేదు.”

ఇంతకు ముందు తల్లులకి తగిలినవి చిన్న దెబ్బలు. బిడ్డకి పోగా వాళ్ళకి సరిపోయేది. అందుకే ఈ లోపం బయటపడలేదు. రెండు మోతాదులు పడ్డ నూకరత్నం కాలేయానికి, తను పుట్టించుకున్న ప్రతి చుక్కా తనకే కావాలి. వంతెన ఆపేస్తే ఆమె నిలబడవచ్చు. కానీ లోవ కాలేయం ఇంకా మొలక దశలోనే ఉంది. ఇప్పుడు ఆపితే పిల్ల మళ్ళీ ఆ నిద్రలోకే జారిపోతుంది.

సుభాషిణి వెళ్ళి నూకరత్నం మంచం పక్కన కూర్చుంది. వీర్రాజుని కూడా పిలిచింది. ఏదీ దాచకుండా చెప్పింది. రెండో మోతాదు ఇవ్వడం తన నిర్ణయమని కూడా చెప్పింది. నూకరత్నం నీరసంగా ఉన్నా తెలివిలోనే ఉంది.

“పాపకింకా ఎంతసేపు కావాలండి?”

“రేపు సాయంత్రం దాకా నడిస్తే నిలబడుతుంది.”

“అయితే నడవనియ్యండి.”

వీర్రాజు పెళ్ళాం మొహంలోకి చూశాడు. ఏ మాట అన్నా ఇద్దరిలో ఒకరిని వద్దనడమే అవుతుంది. చివరికి ఆమె పాదాల దగ్గర కూర్చుని, వాచిపోయిన కాళ్ళని ఒత్తసాగాడు. సుభాషిణి అతని మాట కోసం ఎదురుచూసింది. అది ఎంత అన్యాయమైన ఎదురుచూపో తర్వాత గాని ఆమెకి తెలియలేదు. వద్దనగలిగిన మనిషి ఆ గదిలో తనొక్కతే. తను అనలేదు.

వంతెన నడిచింది. మర్నాడు లోవ ఇడ్లీ ముక్క తిని నిలుపుకుంది. నూకరత్నానికి అప్పటికి మాటలు తడబడుతున్నాయి. షెడ్డులో ఎవరినో పిలుస్తున్నట్టు, మంచు అయిపోయిందని, గంపలు తెమ్మని అంటోంది. లోవ లెక్కలు నిలకడకి రాగానే యంత్రం ఆపేశారు. నూకరత్నానికి కాలేయం దొరుకుతుందేమోనని సుభాషిణి తనకి తెలిసిన ప్రతి ఆస్పత్రికీ ఫోన్ చేసింది. విశాఖలో ఒకటి దొరికేలా ఉందన్నారు. ఆ కబురు వచ్చేసరికి నూకరత్నం లేదు.

విచారణ సంఘం వచ్చింది. కాగితాలన్నీ చూసి, తల్లి పూర్తి తెలివితో ఒప్పుకుందని, వైద్యంలో తప్పు లేదని తేల్చింది. తప్పుందని తేల్చి ఉంటే సుభాషిణికి నిద్ర పట్టేదేమో. వీర్రాజు ఎవరి మీదా కేసు పెట్టలేదు. తాగుడు మానేశాడు. నెలనెలా పిల్లని పరీక్షకి తీసుకొచ్చేవాడు. లోవకి ఇప్పుడు వేరే మందు, అది పడింది. జడ అతనే వేసేవాడు, పడవ తాడు పేనినట్టు బిగించి. పిల్ల తల పట్టుకుని, నొప్పెడుతోందని గొణిగేది. ఒకసారి అతను పక్కన లేనప్పుడు, తనకి జబ్బు చేయకపోతే అమ్మ ఉండేదా అని సుభాషిణిని అడిగింది. నీ వల్ల ఏమీ కాలేదని సుభాషిణి చెప్పింది. తను నూకరత్నానికి చెప్పిన మాట కూడా అదే. పిల్ల కూడా తల్లిలాగే తలూపింది.

వంతెన చాలా నెలలు మూతపడి ఉంది. దాన్ని తీసేద్దామని కొందరన్నారు. తీసేస్తే బతకగలిగిన పిల్లలు కూడా పోతారని సుభాషిణికి తెలుసు. చివరికి ఆమె కోదండపాణిని ఒక అడ్డు బిగించమంది. ఇచ్చేవాళ్ళ రక్తంలో సంకేతం వాళ్ళకి సరిపడే మట్టానికి తగ్గగానే యంత్రం దానంతటదే ఆగిపోవాలి. ఎవరు బతిమాలినా, తనే చెప్పినా మళ్ళీ నడవకూడదు. కోదండపాణి బిగించాడు.

సువార్త అనే తల్లి వచ్చింది ఆ అడ్డు బిగించాకే. ఆమెది పిఠాపురం దగ్గరి పల్లె. అంగన్‌వాడీలో వంట చేస్తుంది. కొడుకు ప్రభుదాసుకి ఐదేళ్ళు. టీబీ మందులు వాడుతుండగా వాడి కాలేయం పోయింది. భర్త లారీ మీద ఎక్కడో ఉత్తరాదిన ఉన్నాడు, వచ్చే లోపు పిల్లవాడు ఆగడు.

ఈసారి సుభాషిణి తన మాటని నమ్ముకోలేదు. పరీక్షకి వచ్చిన వీర్రాజుని, నీ సంగతి ఆమెకి చెప్పగలవా అని అడిగింది. అతను సరేనన్నాడు. సువార్త ఎదుట బల్ల మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. పరీక్షలో తన కాలేయం పనికిరాకపోవడం, రెండో మోతాదు, భార్య పాదాలు వాచిపోవడం, మంచు అయిపోయిందని ఆమె కలవరించడం. చెప్తున్నంతసేపూ గొంతు పెంచలేదు. సువార్త కదలకుండా వింది. అతను ఆపాక ఒకే ఒక్క మాట అడిగింది.

“పాప బతికిందా?”

వీర్రాజు సుభాషిణి వైపు చూశాడు. ఆమె ఒప్పుదల కాగితం సువార్త ముందు పెట్టింది.

వైద్యం మొదలైంది. సువార్తకి ఒక్క మోతాదే ఇచ్చారు. సంకేతం బాగా పుట్టింది. ప్రభుదాసు చేతివేళ్ళు కదిపాడు. పేరు పెట్టి పిలిస్తే కనురెప్పలు అదిరాయి. సువార్త పక్క మంచం మీంచి వాడికి ఏదో పాట సన్నగా పాడుతూనే ఉంది. కానీ వాడి కాలేయం లోవ కాలేయం కన్నా ఎక్కువ చితికిపోయింది, సంకేతం పంపినకొద్దీ తాగేస్తోంది. తల్లి రక్తంలో సంకేతం అడ్డు పెట్టిన మట్టానికి దిగింది. వంతెన ఆగిపోయింది.

ఆ గదిలో చప్పుడు లేకపోవడం అందరికీ ఒకేసారి వినిపించింది. సువార్త పాట ఆపి, ఎందుకాగిందని అడిగింది. సుభాషిణి చెప్పింది.

“నాకేం కాలేదండి, బానే ఉన్నాను. మళ్ళీ పెట్టండి,” అంది సువార్త. లేచి కూర్చోబోయింది. “మీ కాళ్ళు పట్టుకుంటాను, పెట్టండి.”

కోదండపాణి సుభాషిణి పక్కకి వచ్చాడు. అతని మొహం పాలిపోయింది. “బిగించింది నేనే మేడమ్,” అన్నాడు మెల్లగా. “విప్పడం నాకు తెలుసు. మీరు ఊ అంటే చాలు.”

సుభాషిణి తల్లీబిడ్డలిద్దరినీ చూసింది. ఇంకాసేపు నడిపితే పిల్లవాడు నిలబడవచ్చు. తల్లి కూడా తట్టుకోవచ్చు. తట్టుకోకపోవచ్చు. పోయినసారి కూడా ఇంతే తెలుసు తనకి, ఇంతకన్నా ఎక్కువ తెలియదు. సువార్త గొంతు గదంతా నిండిపోయింది. ఊ అన్న ఒక్క శబ్దం బయటికి రాకుండా సుభాషిణి పళ్ళు బిగపట్టి నిలబడింది.

మర్నాటి ఉదయం ప్రభుదాసు పోయాడు. వాడి తండ్రి శవానికి మాత్రమే అందాడు. సువార్త కాలేయం చక్కగా పెరిగింది. అంత తొందరగా కోలుకున్న తల్లిని ఆ కేంద్రంలో ఎవరూ చూడలేదు. పంపించే రోజున సుభాషిణి జాగ్రత్తలు చెప్పి, వచ్చే నెల ఒకసారి పరీక్షకి రావాలంది. సువార్త సంచీ సర్దుకుంటూ విని, “ఇది మళ్ళీ పెరిగిందన్నారు కదండీ,” అంది. “ఎవరి కోసం పెరిగిందండి?”

సువార్త ఇక రాదని సుభాషిణి అనుకుంది.

కానీ వచ్చింది. భర్తని గేటు దగ్గరే ఉండమని, ఒక్కతే లోపలికి వచ్చింది. రక్తం ఇచ్చాక వెళ్ళిపోకుండా వరండాలో నిలబడింది. ఆ రోజే లోవకి కూడా పరీక్ష. పిల్ల బల్ల మీద మోకాళ్ళేసుకుని, గోడకున్న బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుని పైకి చదువుతోంది. వీర్రాజు పక్కన కూర్చుని ఉన్నాడు. గది తలుపు దగ్గర నిలబడ్డ సుభాషిణికి ముగ్గురూ కనిపిస్తున్నారు.

సువార్త ఆ పిల్లని చాలాసేపు చూసింది. ఎన్నో తరగతని అడిగింది. రెండని చెప్పి లోవ మళ్ళీ బోర్డు వైపు తిరిగింది.

“ఈ పాపేనా?” అంది సువార్త.

“ఆయ్,” అన్నాడు వీర్రాజు.

“మీ ఆవిడ అదృష్టవంతురాలండి.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అంది. సుభాషిణి తలుపు చెక్క పట్టుకుంది. వీర్రాజు కూతుర్ని కొంచెం దగ్గరికి లాక్కుని, బల్ల మీద జరిగి, సువార్తకి చోటిచ్చాడు. ఆమె కూర్చుంది.